తెల్ల కార్పెట్ మీద పసుపు

కారు వెనక తలుపు తెరిచి లోపలికి వంగిన స్వాతి, అలాగే ఉండిపోవడం దగ్గర మనం ఆగాం. మధ్యలో వారం గడిచింది కాబట్టి, మరిచిపోయినవారి కోసం నాలుగు ముక్కలు. ఆ శనివారం పొద్దున్న నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల సందులోకి ఒక ఇంగ్లండు కారు వచ్చి ఆగింది. అలాంటిది ఆ సందులోకి రావడం మాట అటుంచి, ఖరగ్‌పూర్ మొత్తం మీద ఇంకొకటి చూసినవాళ్ళు లేరు. దాన్ని నడిపేది స్వాతి మొగుడు రాజశేఖర్. దాని యజమాని రాబిన్ బాబు అనే కలకత్తా కాంట్రాక్టరు. స్వాతి ఆయన్ని ఎన్నడూ చూడలేదు.

కారుకి ఇంటి ముందే పూజ చెయ్యాలని మామగారు నూకరాజు పట్టుబట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. తీరా కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నాక రాహుకాలం గుర్తొచ్చి, అది వెళ్ళేదాకా ఎవరూ దేన్నీ కదపడానికి వీల్లేదన్నాడు. వర్క్‌షాపులో ఉన్నన్నాళ్ళూ వర్జ్యమూ రాహుకాలమూ చూడకుండా ఇంజన్లను బయటికి తోలిన మనిషికి రిటైరయ్యాక ఈ భక్తి ఎక్కడినుంచి పట్టుకొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. జనం టీలకి చెదిరారు. కారు దగ్గర స్వాతి ఒక్కతే మిగిలింది. ఊరికే లోపల ఎలా ఉంటుందో చూద్దామని తలుపు తీసింది.

వెనక సీటు ముందు పరిచిన తెల్లటి ఉన్ని కార్పెట్ మీద పసుపు మరక ఉంది. తుడిచారు గాని పూర్తిగా పోలేదు. వేళ్ళు కూడా తెలుస్తున్నాయి. అది ఆడమనిషి పాదం. ఎడమ పాదం ఒక్కటే.

ఈ ఊళ్ళో కాళ్ళకి ఎర్రగా అల్తా పెట్టుకునేవాళ్ళు బెంగాలీ ఆడవాళ్ళు. పసుపు రాసుకునేవాళ్ళు మనవాళ్ళు. పైగా కారెక్కేముందు చెప్పులు బయట విడిచిపెట్టే మనిషి రాబిన్ బాబు ఇంటి మనిషి అయ్యుండదు. కాబట్టి ఆ పాదం ఎవరో తెలుగు ముత్తయిదువది. ఈ చుట్టుపక్కలదే. రాజశేఖర్ నడిపే బండిలో, యజమాని సీట్లో దర్జాగా కూర్చుంది.

స్వాతికి ఒళ్ళు మండింది. మండదా మరి? రెండు నెలలుగా శుక్రవారం వస్తే చాలు ఆ మనిషి తీరు మారిపోతోంది. ఎక్కడికెళ్ళావంటే "డ్యూటీ" అంటాడు. ఎవరితో అంటే "దాదా పని" అంటాడు. దాదా అంటే రాబిన్ బాబు. స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా పనిచేసే స్వాతికి శుక్రవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కౌంటరు వదలడానికి ఉండదు. ఆ సంగతి తెలిసే శుక్రవారం పెట్టుకున్నాడని ఆమె అనుమానం. అందుకే ఈ ఊళ్ళో ఎవరితోనూ చెప్పకుండా విశాఖపట్నంలో ఒకావిడతో మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ మాట్లాడుకుంది. ఆవిడకి ఖరగ్‌పూర్ కావాలి, ఈమెకి విశాఖ కావాలి. సోమవారం సంతకం పెట్టాలి. పెడితే ఈ క్వార్టరూ పోతుంది, ఈ సంసారమూ పోతుంది. పెట్టాలా వద్దా అన్నది ఇప్పుడు ఆ పసుపు మరక తేల్చేటట్టుంది.

"ఏటి, దొరసానిలాగ కూకుందామని ఉందేటి?" అంటూ రాజశేఖర్ వచ్చాడు. చేతిలో మెత్తటి గుడ్డ. పెళ్ళిలో తన పట్టుపంచెని కూడా అతను అంత ఒద్దికగా పట్టుకోలేదు.

"కూకుంటాను బావా. సూపించు, ఏటేటి ఉన్నాయో."

స్వాతి ఎక్కి కూర్చుంది. రాజశేఖర్ ముందు సీట్లోకి వెళ్ళి వెనక్కి తిరిగాడు. తలుపు లాగబోయిన ఆమెని వద్దని వారించాడు. అది దానంతటదే నెమ్మదిగా వచ్చి మూసుకుంది.

ఆ మరుక్షణం యార్డు మాయమైపోయింది. కోడలిగా అడుగు పెట్టిన నాటి నుంచి స్వాతి చెవిలో షంటింగ్ చప్పుడు ఆగింది లేదు. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే మోత ఉండీ ఉండీ నిద్రలో కూడా వినపడుతూనే ఉంటుంది. ఇప్పుడు ఏమీ లేదు. అద్దానికి అవతల పక్కింటి జోగమ్మ ఎవర్నో నోరారా తిడుతోంది. నోరు కదులుతోంది, తిట్టు మాత్రం రావడం లేదు.

"సూసినావా?" రాజశేఖర్ మొహం వెలిగిపోయింది. "లోపలి మాట బయటికి పోదు, బయట మాట లోపలికి రాదు. అద్దాలే రెండేసి పొరలు. పైన సూడు."

కారు పైకప్పు లోపలంతా చిన్న చిన్న దీపాలు వెలిగాయి. పట్టపగలు నక్షత్రాలు. అతను ఒక్కొక్కటే చెప్పుకుపోయాడు. తలుపు మందంలో గొడుగు దాచి ఉంటుందట. తడి గొడుగు లోపల పెడితే దానంతటదే ఆరిపోతుందట. సీటు నడుం పడుతుందట. నోటితో చెప్తే చాలు, చల్లదనం తగ్గుతుందట, పాట మారుతుందట. మనుషులు ఎందరెక్కినా, డిక్కీలో ఎంత సామానేసినా చక్రాల మీద బండి ఒక్క అంగుళం కుంగదట. లోపల గాలి నింపుకుని తనే సర్దుకుంటుందట.

"ఇంకో సిత్రం. దాదా ఫోన్లోంచి బండిని ముందుకీ వెనక్కీ నడుపుతాడు. లోపల డ్రైవరుతో పని నేదు. ఇరుకు సందుల్లో పెట్టడానికన్నమాట. అయితే మనిషి బండికి దగ్గర్లో ఉండాల. ఇక్కడినుంచి ఆ కుళాయి దాకా, అంతే. కలకత్తాలో కూకుని నడపడం అవదు."

"ఉద్యోగం ఊడగొట్టే బండి," అంది స్వాతి.

అతను నవ్వాడు. ఆ నవ్వు చెరపడం ఆమెకి ఇష్టం లేకపోయింది. వర్క్‌షాపులో తండ్రి ఉద్యోగం రాక, పరీక్షలు కలిసిరాక, ఇందా రోడ్డు మీద అద్దె ఆటో తోలుకున్న మనిషి. ఈ స్టీరింగు పట్టుకున్నాకే మెడ నిటారుగా పెట్టి నడుస్తున్నాడు. అయినా అడగవలసింది అడగాలి.

"ఈ సీట్లో ఎవులు కూకుంటారు బావా?"

"ఇంకెవులు, దాదా."

"ఆడోళ్ళు?"

"ఎవులూ ఎక్కరు. దాదా ఇంటావిడ బౌదీ కూడా ఇంతవరకు బండి సూడనేదు."

"అయితే రాబిన్ బాబు కాళ్ళకి పసుపు రాసుకుంటాడేటి?"

రాజశేఖర్ చూపు కార్పెట్ మీదికి పోయింది. చేతిలో గుడ్డ నలిగింది. అబద్ధం ఆడినా నిలబెట్టుకోవడం అతనికి రాదు. నిలదీస్తే మూగవాడైపోతాడు. అదే భయం స్వాతికి.

సీటు పక్కన తలుపు మీద మూడు బొత్తాలున్నాయి. ఒకటి, రెండు, మూడు. "ఇయ్యేటి?"

"సీటు గుర్తెట్టుకుంటాది. ఎవులికి ఎలాగుంటే సుఖమో ఒకసారి అమర్సుకుని నొక్కితే, మళ్ళీ నొక్కినప్పుడు అలాగే వొస్తాది. ఒకటి దాదాది. రెండు బౌదీకని ఉంచినారు."

"మూడు?"

"అది... ఖాళీ."

స్వాతి మూడు నొక్కింది. రాజశేఖర్ "వద్దే" అంటూ చెయ్యి చాపాడు గాని అందలేదు. సీటు చప్పుడు లేకుండా కదిలింది. ముందుకి జరిగింది, పొట్టిమనిషి కాలు నేలకి ఆనేటంత కిందికి దిగింది, వీపు దగ్గర కాస్త ఎడంపక్కకి ఒరిగింది. కాళ్ళ దగ్గర విడివిడిగా రెండు మెత్తలున్నాయి. ఎడమది కదలలేదు. కుడిది మాత్రం మెల్లగా పైకి లేచి, ఒక ఎత్తుకి వచ్చి ఆగింది.

స్వాతి దాని మీద చెయ్యి వేసింది. ఆ ఎత్తు ఆమె అరచేతికి తెలుసు. రోజూ సాయంత్రం ఒక కాలి కింద పీట జరిపి, పైన పాత దుప్పటి మడతపెట్టి, ఇంతే ఎత్తు చేస్తుంది. స్టేషను ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద జారిపడిన నాటి నుంచి ఆ మోకాలు వంగదు. ఆ మనిషి ఎక్కడ కూర్చున్నా కుడికాలు చాపి, ఎడమకాలు ఒక్కటే నేల మీద పెడుతుంది.

అప్పుడు పొద్దుటి సంగతి కూడా జ్ఞాపకం వచ్చింది. సందు సందంతా కారు చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటుంటే, అరుగు మీంచి లేవని మనిషి ఒక్కర్తే ఒక్కర్తి. జోగమ్మ కారు తలుపు పట్టుకుని బలంగా లాగబోతే, అక్కడినుంచే "లాగకే జోగీ, అదే మూసుకుంటాది" అని అరిచింది. తలుపు సంగతి ఆమెకెలా తెలుసని ఎవరికీ తోచలేదు. స్వాతికీ తోచలేదు.

"అత్త," అంది.

గంగాభవాని స్వాతికి అత్తగారే కాదు, స్వయానా మేనత్త. తండ్రి తర్వాత ఈ లోకంలో ఆమె నమ్మిన మనిషి. రాజశేఖర్ తల వంచుకున్నాడు.

"పిలు," అంది స్వాతి. "ఎక్కడం తెలుసు గదా, నాను నేర్పక్కర్లేదు."

అవతలి సీటు స్వాతి తీసుకుంది. గంగాభవాని కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. గుడి గడప దగ్గర విడిచినట్టు చెప్పులు చక్రం పక్కన విడిచింది. కాళ్ళకి శుక్రవారపు పసుపు ఇంకా పచ్చగానే ఉంది. ఎక్కి, కుడికాలు మెత్త మీదికి చేర్చుకుని, ఎడమ పాదం సరిగ్గా ఆ మరక మీద పెట్టింది. తలుపు వచ్చి మూసుకుంది. కోడలి మొహం చూడగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది.

"తప్పు పనేటీ సెయ్యనేదే అమ్మీ. గుడికి ఎల్లినాను."

"ఏ గుడికి?"

"జలేశ్వరం దాటినాక ఒక అమ్మోరి గుడి. వొడిసా. రాబిన్ బాబు మొక్కంట. ముసలి ముత్తయిదువు సేత పదకొండు శుక్కురవారాలు కుంకం పూజ సేయించాలంట. ఆళ్ళ బెంగాలీ బాపనాయన సెప్పినాడంట. ఇంట్లో సెప్తే మొక్కు పలించదన్నాడు, అందుకే నోరు మూసుకున్నాను. మీ మావయ్యకి మోకాలికి ఆసుపత్రని సెప్పి, ఆటోలో పెద్దరోడ్డు దాకా ఎల్లి అక్కడ ఈ బండెక్కేదాన్ని. ఈ మోకాలితో నానెక్కడికి ఎల్లగలను? వీధి సివరి దాకా ఎల్లలేను. ఇందులో కూకుంటే ఒళ్ళు తెలీదే. ఆ బాబు నా కాలు సూసి, ఈ సీటు నాకోసరం సేయించినాడు. కన్నకొడుకు కూడా సేయించనేదు." చివరి మాట కొడుకు వైపు చూసి ఊరికే అంది. రాజశేఖర్ నవ్వలేదు.

స్వాతికి నిజంగా ఊపిరి తేలికపడింది. మొగుడికి ఆడమనిషి లేదు. ఉన్న ఆడమనిషి అతని తల్లే. ఇంతకుమించి ఏం కావాలి? లేచి వెళ్ళి కొబ్బరికాయ కొట్టించుకోవచ్చు. కానీ కౌంటరు దగ్గర ఏళ్ళ తరబడి మనుషుల మొహాలు చూసిన అలవాటు ఆమెది. ఎవరైనా అడక్కుండానే ఎక్కువ మంచితనం చూపిస్తే వెనక ఏదో ఉంటుంది. రాబిన్ బాబుకి ఇంట్లో సుమంగళి భార్య ఉండగా, మొక్కు తీర్చడానికి నిమ్‌పురా క్వార్టర్ల నుంచి కాలు వంగని మనిషి ఎందుకు?

"దారిలో ఎవులైనా ఆపుతారా అత్తా?"

గంగాభవాని మొహం విప్పారింది. "మమ్మల్నా? ఆ చెక్‌పోస్టు కాడ లారీలు, కార్లు వొరసగా నిలబెట్టేస్తారే. డిక్కీలు ఇప్పించి మరీ సూస్తారు. మేం ఎల్తే సిపాయిలు దండం పెడతారు. 'మా, ప్రసాదం?' అని కన్నతల్లిని అడిగినట్టు సెయ్యి సాపుతారు. నాను కిటికీలోంచి పెడతాను."

"కిటికీ ఎవులు దించుతారు?"

"బాబే. మీ బావే."

స్వాతి ముందుకి వంగింది. "ఎవులు దించమన్నారు బావా?"

"దాదా," అన్నాడు రాజశేఖర్. "చెక్‌పోస్టు వొచ్చేసరికి అమ్మ కిటికీ దించాల. అమ్మ మొహం కనబడాల. పట్టుసీర, పెద్ద బొట్టు, సేతినిండా గాజులు ఉండాల. అలాగే సెప్పినాడు."

"గుడిలో అత్త పూజ సేసినంతసేపూ బండి కాడ ఎవులుంటారు?"

"అమ్మ మెట్లెక్కలేదు గదే. నాను పట్టుకుని ఎక్కించాల. తాళం దాదా మనిషికి ఇచ్చి ఎల్తాను. కాపలాకి."

"ఆడు బండిలో ఏటి పెడతాడు?"

"ఏటీ పెట్టడు. పెడితే నాకు తెలీదేటి?"

"ఎలాగ తెలుస్తాది?" అంది స్వాతి. "ఎంత బరువెక్కినా ఈ బండి కుంగదని నువ్వే గదా సెప్పినావు."

రాజశేఖర్ గుడ్డ తీసి స్టీరింగు తుడిచాడు. అక్కడ తుడవడానికేమీ లేదు. చివరికి తల తిప్పకుండానే అన్నాడు. "తిరిగొచ్చేటప్పుడు బ్రేకు ముందుగా తొక్కాల."

"అంటే?"

"అంటే బరువుంటాది. ఎల్లినప్పుడు ఉండదు." అతను గుడ్డ పక్కన పడేశాడు. "మొదటి శుక్కురవారమే తెలిసినాది నాకు. అడిగితే బండి పోతాదని అడగనేదు. ఇంకొకలాగ బతకడం నా వల్ల కాదే స్వాతీ."

గంగాభవానికి కొడుకు మాట పూర్తిగా అర్థం చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక తన ఒంటి మీది పట్టుచీర కేసి, గాజుల కేసి, పసుపు పాదం కేసి చూసుకుంది. ఆ దండాలు, ఆ ప్రసాదం, కిటికీలోంచి చాపిన ఆ సిపాయిల చేతులు, అన్నీ గుర్తొచ్చి ఉంటాయి. "నన్ను అడ్డం పెట్టినాడా?" అంది. "అమ్మోరి పేరు సెప్పి నన్ను అడ్డం పెట్టినాడా?" మెత్త మీది కాలు దించబోయింది. అది దిగదు. స్వాతి వంగి ఆ కాలు పట్టుకుంది.

ఏడవడానికి టైము లేదని స్వాతికి తెలుసు. గుడి దగ్గర ఎక్కిస్తున్న ఆ దొంగసరుకు పోలీసులకి దొరికిన నాడు రాబిన్ బాబు కలకత్తాలో ఉంటాడు. బండిలో ఉండేది వీళ్ళిద్దరూ.

"వినండి," అంది. "ఈ సంగతి నాను ఇప్పటిదాకా ఎవులికీ సెప్పనేదు. విశాఖపట్నంలో ఒకావిడతో మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ మాట్లాడుకున్నాను. సోమవారం సంతకం పెట్టాల. బావా, నీ మీద అనుమానంతో, ఒక్కర్తినే ఎల్లిపోదామనుకున్నాను. ఇప్పుడు అందరం ఎల్దాం. మావయ్యతో నాను సెప్తాను. రాహుకాలం ఎల్లగానే ఆ కొబ్బరికాయేదో కొట్టించి, నువ్వు బండి పట్టుకెళ్ళి తాళం ఇచ్చేసి వొచ్చెయ్యి. కారణం అడిగితే మా యావిడకి ట్రాన్స్‌ఫరని సెప్పు."

రాజశేఖర్ ఆమె మొహంలోకి చూశాడు. ఒక్కర్తినే అన్న మాట అతనికి తగిలింది. అందరం అన్న మాట ఇంకా ఎక్కువ తగిలింది. కళ్ళు తుడుచుకుని, సరేనని తలాడించాడు.

అప్పుడు పైన నక్షత్రాలు ఆరిపోయాయి.

"బౌదీ," అంది ఒక గొంతు. అది ముందునుంచో వెనకనుంచో రావడం లేదు. కారంతా నిండి ఉంది. ఎంతో మర్యాదగా, చిన్నప్పుడు ఈ సందుల్లోనే తెలుగు నేర్చుకున్న బెంగాలీ గొంతు. "సీటు బాగుందా?"

"దాదా," అన్నాడు రాజశేఖర్. బౌదీ, అంటే వదినా, అని పిలుస్తున్నది తననేనని, నోటిమాట వినే ఈ బండి తమ మాటలన్నీ ఆయనకి చేరవేసిందని స్వాతికి తెలిసిపోయింది.

"మాసీమా, మీరు కాలు దించకండి, నొప్పి చేస్తుంది. రాజూ, ఏడవకు. బౌదీ, విశాఖ మంచి ఊరే. సంతకం పెట్టండి. ఎవరొద్దన్నారు? కానీ మొక్కు మధ్యలో ఆపకూడదు గదా. మిగిలిన శుక్రవారాలు మీరు కూడా మాసీమాతో వెళ్ళండి. కోడలు పక్కనుంటే ఇంకా బాగుంటుంది."

స్వాతి తలుపు మీట లాగింది. రాలేదు. కిటికీ బొత్తాం నొక్కింది. దిగలేదు. రాజశేఖర్ ముందు తలుపుని భుజంతో గుద్దాడు. అది నెమ్మదైన తలుపు, ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదు.

బయట రాహుకాలం వెళ్ళిపోయినట్టుంది. జనం మళ్ళీ మూగారు. నూకరాజు కొబ్బరికాయ కొట్టాడు, రెండు చెక్కలూ సమంగా పగిలినందుకు మురిసిపోతూ చుట్టూ చూపించాడు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని కారుకి హారతి తిప్పుతున్నాడు. "మావయ్యా!" అని స్వాతి అద్దం మీద అరిచేతులతో బాదింది. సంబరానికి చెయ్యి ఊపుతోందనుకుని జోగమ్మ కూడా చెయ్యి ఊపింది. పోనీ, పోనీ, నిమ్మకాయలు తొక్కించు అన్నట్టు అందరూ సైగలు చేస్తున్నారు.

కారు మెల్లగా ముందుకి కదిలింది. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి.

"నాను కాదు," అన్నాడు రాజశేఖర్. అతని రెండు చేతులూ తలుపు మీదే ఉన్నాయి.

కలకత్తాలో కూకుని నడపడం అవదు. కుళాయి దాకా, అంతే. మొగుడు చెప్పిన ఆ మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. స్వాతి సందులోకి చూసింది. కారుని వీడియో తీస్తూ, ఆడా మగా అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఆమె రాబిన్ బాబుని ఎన్నడూ చూడలేదు, పోల్చుకోలేదు. రాజశేఖర్ కళ్ళు మాత్రం ఆ మొహాల మీదుగా ఒక్కొక్కటే జరుగుతూ, హారతి పళ్ళెం దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. నూకరాజు పక్కన నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో భక్తిగా కర్పూరం కళ్ళకద్దుకుంటున్నాడొక మనిషి.